వెనక చక్రం మీది గీత

ఎగ్జిబిషన్ హాల్లో తను చేసిన బొమ్మ కారు మీద కప్పిన తువ్వాలు తీసి, టేబుల్ మీద సర్ది, పక్కకు చూసిన నాగేందర్ అలాగే నిలబడిపోయాడు. పక్క టేబుల్ మీద కూడా తన కారే ఉంది.

రంగు ఒక్కటే తేడా. తనది ఎరుపు, అది పసుపు. మిగతాదంతా అచ్చంగా అదే. నేలను వాసన చూస్తున్నట్టు వంగిన ముక్కు, తలుపు వెనక గాలి పీల్చే రంధ్రాలు, వెనక చక్రం మీద ఒక్కసారిగా ఎగిసిన గీత, కత్తితో కోసినట్టున్న తోక.

ఆ కారు వెనక ఓ అమ్మాయి వంగి, చున్నీ కొసతో చక్రం తుడుస్తోంది.

"హలో మేడం, గిది ఎక్కడిది?"

"ఇంట్ల చేసిన," అంది తల ఎత్తకుండానే.

"దేన్ని చూసి చేసినవ్?"

"చూస్కుంటనే చేసిన. కండ్లు మూసుకొని చేస్తరా ఎవరన్న?"

"గట్ల కాదు. నాది చూసి చేసినవా అని అడుగుతున్న."

అప్పుడు ఆమె తలెత్తింది. అతని ఎర్ర కారు చూసింది. చున్నీ కొస చేతిలోంచి జారిపోయింది. పెద్ద కళ్ళు ఇంకా పెద్దవయ్యాయి. ఆ గొడవలోనూ ఆ కళ్ళు బాగున్నాయని నాగేందర్‌కు అనిపించింది. వెంటనే తన మీద తనకే కోపమొచ్చింది.

"నాది చూసి నువ్వే చేసినవేమో!" అంది ఆమె.

"నేనా? ఆర్నెల్లు! ఈ గోర్లు చూడు, పుట్టీ ఇంకా పోలే."

"నా గోర్లు చూడు మరి, మట్టి పోలే!"

ఇద్దరూ పది వేళ్ళూ చాచి నిలబడ్డారు. చుట్టుపక్కల వాళ్ళు నవ్వుతున్నారు. ఇద్దరూ ఒకేసారి చేతులు దించుకున్నారు.

నాగేందర్‌కు అది నవ్వులాట కాదు. మోస్రాలో పసుపు, వరి పండించే ముత్తన్నకు అతనొక్కడే కొడుకు. డిప్లొమా చదివి, నిజామాబాద్‌లో ఒక డెంటింగ్ షాపులో సొట్టలు తీస్తున్నాడు. పుణెలోని ఒక కార్ డిజైన్ స్టూడియో వాళ్ళు రెండేళ్ళ ట్రైనింగ్‌కు పిల్లల్ని ఎంచుకోవడానికి ఊరూరా ఇలా ఎగ్జిబిషన్ పెడుతున్నారు. వయసు ఇరవై ఆరు దాటకూడదు. అతనికి ఇరవై ఆరు నడుస్తోంది. "గీసారి గాకపోతె పొలం కాడికి రా," అని ముత్తన్న ముందే చెప్పేశాడు.

జడ్జి రామ్‌దాస్ సార్ ధర్పల్లిలో పుట్టి ముప్పై ఏళ్ళుగా పుణెలో ఉంటున్నాడు. ఆ రెండు టేబుళ్ళ మధ్య చాలాసేపు నిలబడి, కళ్ళజోడు తీసి తుడుచుకున్నాడు.

"మీరిద్దరు దోస్తులా?"

"కాదు సార్!" రెండు గొంతులు ఒకేసారి.

"అయితే ఒకరు కాపీ కొట్టిన్రు. లేదంటె ఇద్దరూ ఇంకొకర్ని కాపీ కొట్టిన్రు." సార్ గొంతు పెంచలేదు. అదే ఎక్కువ భయం పుట్టించింది. "రేపు నాలుగింటికి రండి. ఈ కార్ల మీద ఏ గీత ఎక్కడికెల్లి వచ్చిందో ఒక్కొక్కటి చెప్పాలె. చెప్పకపోతె రెండు కార్లూ బయటికే."

*

ఆ అమ్మాయి పేరు సంజన. ఊరు బోధన్, షక్కర్‌నగర్. తప్పనిసరై ఫోన్ నంబర్లు తీసుకుని, తప్పనిసరై గాంధీచౌక్ దగ్గర ఇరానీ హోటల్లో ఎదురెదురుగా కూర్చున్నారు. బయట వాన మొదలైంది. మధ్యలో రెండు చాయ్‌లు, ఒక నోట్‌బుక్.

"ముక్కు?" అంది సంజన పెన్ను పట్టుకుని.

"పాత ఇటలీ కార్లది. నీది?"

"గదే." రాసుకుంది. "అక్కడ ఒక్కటే డిజైన్ హౌస్ నాలుగైదు కంపెనీలకు గీసి ఇస్తుండె తెలుసా? ఒక్క దర్జీ అన్నదమ్ములందరికీ అంగీలు కుట్టినట్టు. ఎవరి అంగీ చూసినా కాలర్ ఒక్కతీరుగనే ఉంటది."

"మంచిగ చెప్పినవ్. రేపు సార్ ముంగట నేనే చెప్త గీ ముచ్చట."

"కాపీ కొట్టుడు అలవాటే అన్నట్టు!"

అతను నవ్వాపుకోలేక చాయ్ టేబుల్ మీద ఒలకబోశాడు.

"పక్కల రంధ్రాలు?"

"ఇంజన్ సీటు వెనక పెట్టిన. దానికి గాలి ఎట్ల అందాలె మరి?"

"నేను గూడ వెనకనే పెట్టిన. వెనక పెట్టినోళ్లు చానామంది పక్కలకే రంధ్రాలు పెడ్తరు. గది కాపీ కాదు, అవసరం." గుండ్రంగా ఒక సున్నా చుట్టింది. "తోక?"

"గట్ల కోస్తె గాలి గుంజకుంట ఇడిసిపెడ్తది. ఎంతమంది కొయ్యలే గట్ల?"

"జపానోళ్ల చిన్న టూ సీటర్ చూసినవా? పాత ఇంగ్లండ్ కార్లను ప్రేమించి చేసిన్రు దాన్ని. ఎవరూ దొంగలనలే."

'ప్రేమించి' అన్న మాట దగ్గర ఆమె ఎందుకో ఆగి, చాయ్ తాగింది. అతను కిటికీలోంచి వాన చూశాడు. నిన్నటి దాకా ఇలా మాట్లాడే మనిషి అతనికి జిల్లాలో ఒక్కరూ దొరకలేదు. షాపులో చెప్తే నవ్వుతారు, ఇంట్లో చెప్తే లేచి పోతారు.

గంటలో అన్ని గీతలూ తేలిపోయాయి, ఒక్కటి తప్ప. వెనక చక్రం మీద ఎగిసే గీత.

అది ఏ ఇటలీ కారుదీ కాదు, జర్మనీ కారుదీ కాదు. ఇద్దరూ ఫోన్లలో రెండు వందల ఫోటోలు తిప్పేశారు. దగ్గరదగ్గరగా ఉన్నవి ఉన్నాయి, కానీ అలా చక్రం నడినెత్తిన కాక కొంచెం వెనగ్గా, ముడత పడ్డట్టు లేచేది ఎక్కడా లేదు.

"నువ్వు ఎక్కడ చూసినవ్?" అన్నాడు.

"తెల్వదు. చెయ్యి ఆడ్నే పోయింది. నువ్వు?"

"నాది గూడ గంతే."

సంజన పెన్ను మూసేసింది. మొహంలో నవ్వు పోయింది.

"ఒక ముచ్చట చెప్పాలె నీకు. నువ్వు ఇన్‌స్టాల బొమ్మలు పెడ్తవు గద. రెండేండ్ల సంది చూస్తున్న. 'చక్రాలు చిన్నగైనయ్' అని రాసేది నేనే."

నాగేందర్ నోరు తెరిచాడు. ఆ కామెంట్ పెట్టే మనిషి ఎవరో పెద్ద ఇంజనీర్ సాబ్ అయ్యుంటాడని అనుకునేవాడు. మాట విని చక్రాలు పెద్దవి చేసేవాడు కూడా.

"పొద్దుగాల టేబుల్ మీద పేరు చూసేదాంక గా పేజీ నీదని తెల్వదు. నీ బొమ్మలు చూసి చూసి నాకు తెల్వకుంటనే చేతికెక్కినట్టుంది." ఆమె లేచి నిలబడింది. "నేనే తప్పుకుంట. నువ్వు పో పుణెకు."

"అరె, ఆగు—"

ఆగలేదు. నోట్‌బుక్ నెత్తిన పెట్టుకుని వానలోనే రోడ్డు దాటి బోధన్ బస్సెక్కేసింది. పొద్దున ఈ మాటే ఎవరన్నా చెప్పి ఉంటే నాగేందర్ ఎగిరి గంతేసేవాడు. ఇప్పుడు ఎదురుగా సగం తాగిన ఆమె చాయ్ గ్లాసునే చూస్తూ కూర్చున్నాడు.

*

సాయంత్రం మోస్రాలో ఇంటి అరుగు మీద కూర్చుని తన పేజీ అంతా కింది దాకా తిప్పాడు. మళ్ళీ తిప్పాడు. మూడోసారి తిప్పి లేచి నిలబడ్డాడు.

అన్నీ ముందు నుంచి గీసినవే! వెనక భాగం ఒక్కటి కూడా పెట్టలేదు. ఎవరైనా ఎత్తుకుపోతారని భయపడి దాచుకున్నాడు. ఆ గీత ఆమె చూసే వీలే లేదు.

ఫోన్ చేశాడు. స్విచ్ఛాఫ్.

"ఏమైందిరా, పిల్లి లెక్క తిరుగుతున్నవ్?" అన్నాడు ముత్తన్న, కాళ్ళు కడుక్కుని వస్తూ.

నాగేందర్ చెప్పాడు. దొంగతనం అన్న మాట వినగానే ముత్తన్న మొహం మారింది. "ఏదీ, సూపియ్యి," అన్నాడు. ఈ ఆరు నెలల్లో ఆయన ఆ మాట అనడం అదే మొదలు. నాగేందర్ ఫోన్‌లో ఎర్ర కారు వెనక వైపు ఫోటో చూపించాడు.

ముత్తన్న దాన్ని దూరంగా పట్టుకుని చూశాడు. దగ్గరగా పట్టుకుని చూశాడు.

"గిది జహూర్ షెడ్డుల కారు గదరా!"

"ఏ జహూర్?"

"బోధన్ల. ఫ్యాక్టరీ నడిచే దినాలల్ల సెరుకు లోడు తోలుకపోతె మూడు మూడు దినాలు లైన్ల ఉంటుంటిమి. ట్రాక్టర్ ఖరాబైతె జహూర్ కాడ ఇడిసేది. నువ్వు గంతుంటివి, నడుమెత్తు. ఆడొక పొట్టి కారు ఉంటుండె. దాంట్ల కెల్లి నిన్ను గుంజుకొచ్చేసరికి నాకు సాలయ్యేది. గిదే బుజం, గిట్లనే లేసి ఉంటుండె."

నాగేందర్‌కు రేకు వేడి గుర్తొచ్చింది. గ్రీజు వాసన గుర్తొచ్చింది. వేళ్ళతో ఆ గీత పట్టుకుని, చివరి దాకా పాకించి, మళ్ళీ మొదటికి రావడం గుర్తొచ్చింది.

*

తెల్లారి వర్ని మీదుగా బండి తోలుకుంటూ బోధన్ చేరి, అడుగుతూ అడుగుతూ షెడ్డు పట్టుకున్నాడు. ఈసారి సంజన ఫోన్ మోగింది.

"జహూర్ షెడ్డు తెలుసా నీకు? జెల్ది రా."

"జహూర్ చాచాదా? మా ఇంటి వెనక గల్లీనే. నేను చిన్నప్పుడు ఆడ్నే..." ఆమె మాట మధ్యలోనే ఆగిపోయింది. ఫోన్ పెట్టేసింది.

రెండు నిమిషాల్లో వచ్చింది, చెప్పులు లేకుండా పరిగెత్తుకుంటూ. అప్పటికి ముసలి జహూర్ పాత కారు మీద కప్పిన తాటిపత్రి పట్టా లాగేశాడు. కింద కోళ్ళు అరుస్తూ బయటికి ఉరికాయి.

రంగు పోయింది, అద్దాలు లేవు, టైర్లలో గాలి లేదు. కానీ వెనక చక్రం మీద ఆ గీత అలాగే లేచి ఉంది. ఇద్దరూ చెరో పక్క నుంచి ఒకేసారి చెయ్యి వేశారు.

"చాచా, గీ గీత ఎక్కడికెల్లి తెచ్చినవ్?" అంది సంజన.

జహూర్ నవ్వాడు. "ఎక్కడికెల్లి తెస్త బిడ్డా? ఒక పెద్దమనిషి, కొడుకు షాదీకి స్పోర్ట్స్ కార్ కావాలన్నడు. చేతుల అంబాసిడర్ పెట్టిండు! ఏదో రిసాలాల, గదే మ్యాగజైన్ల, ఫోటోలు చూసి ముక్కు ఒక కారుది, తోక ఇంకో కారుది కొట్టిన. వెనక చక్రం రేకుకు రాస్తుండె. రాస్తె ఏం చేస్త? లోపలికెల్లి సుత్తెతోని పైకి కొట్టిన. అది గట్ల లేసింది."

"గంతేనా?"

"గంతే. చూస్తే నాకే ముద్దుగనిపిచ్చింది, ఇంకో దిక్కు గూడ గట్లనే కొట్టిన. షాదీ నాడు దూల్హా కూసుంటే పగిడీ పైన రేకుకు తట్టింది. గుర్రమెక్కి పోయిండు. కారు నాకే మిగిలింది."

ముందు సంజన నవ్వింది. తర్వాత నాగేందర్ నవ్వాడు. నవ్వుతూ నవ్వుతూనే ఆమె కళ్ళు తుడుచుకుంది.

"నిద్ర పోలే రాత్రి," అంది మెల్లగా. "దొంగనైన అనుకున్న. పొద్దుగాలనే సార్‌కు మెసేజ్ పెట్టేసిన, నా పేరు తీసేయిమని."

"పెట్టేసినవా?" నాగేందర్ టైం చూశాడు. "చాచా, నిజామాబాద్ వస్తవా మాతోని? నీ మాటే మాకు సాక్ష్యం."

"షేర్వాణీ తొడుక్కొని వస్త, ఆగు," అన్నాడు జహూర్.

*

నాలుగింటికి హాల్లో రామ్‌దాస్ సార్ అంతా విన్నాడు. ఒకే దర్జీ ముచ్చట నాగేందర్ చెప్పబోతే సంజన కాలు తొక్కి తనే చెప్పింది. ఫోటోలు చూపించారు. సార్ జహూర్ వైపు తిరిగి సుత్తె ఎలా పట్టుకున్నాడో, రేకు ఎంత మందమో అడిగాడు. ఇద్దరూ పావుగంట రేకు గురించే మాట్లాడుకున్నారు, పాత చుట్టాల్లాగా.

తర్వాత సార్ ఫోన్ తీసి సంజనకు చూపించాడు.

"నీ మెసేజ్ పొద్దుగాలనే చదివిన. కాపీ కొట్టెటోళ్లు ఇట్ల రాయరు. పేరు తీయలే నేను." ఇద్దరినీ చూశాడు. "రెండు కార్లూ తీసుకుంటున్న. పుణెల వచ్చే నెల ఒకటో తారీఖు. కార్ల ముంగట పెట్టే కార్డుల మీద కింద జహూర్ సాబ్ పేరు గూడ రాయాలె, మర్చిపోవద్దు."

నాగేందర్ పక్కనున్న కుర్చీలో కూలబడ్డాడు. నిన్నటి నుంచి బిగబట్టిన ఊపిరి ఒక్కసారిగా వదిలాడు. చూస్తే సంజన కూడా పక్క కుర్చీలో కూర్చుని అదే పని చేస్తోంది.

"సొంతంగ ఊపిరి గూడ తీసుకోవా?" అంది.

బయట మళ్ళీ వాన. హాలు ముందర రేకుల కింద ఇద్దరూ నిలబడ్డారు. నాగేందర్ గబగబా చెప్పేశాడు.

"ఏ బొమ్మకు నీ కామెంట్ రాకపోతే గా బొమ్మ తీసేస్తుంటి. మంచిగ లేదేమో అనుకొని."

"గందుకేనా మాయమయ్యేటియి? మా ఇంట్ల నెట్ రాని దినాలు గవి!"

"సంజనా, నిన్న నువ్వు తప్పుకుంట అన్నప్పుడు పుణె వద్దనిపిచ్చింది నాకు. నువ్వు లేకుంట ఆడ ఎవరితోని కొట్లాడాలె?"

ఆమె వానలోకి చెయ్యి చాచి, అరచేతిలో నీళ్ళు పట్టి, అతని మొహం మీద చిలకరించింది.

"నాకూ గంతే," అంది. "బస్సెక్కినంక వెనక్కి తిరిగి చూసిన. నువ్వు ఇంకా నా గ్లాసు దిక్కే చూస్తున్నవ్."

అంతలో వెనక దగ్గు వినిపించింది. ముత్తన్న! తెల్ల ధోతి, నెత్తిన రుమాలు, చంకలో గొడుగు. కొడుకును దొంగ అన్నవాళ్ళతో తేల్చుకుందామని మోస్రా నుంచి బస్సెక్కి వచ్చి, సార్ మాటలన్నీ చివరి వరుసలో కూర్చుని విన్నాడు.

"బాపు! ఎప్పుడొచ్చినవ్?"

ముత్తన్న సంజనను చూశాడు, తడిసిన కొడుకు మొహం చూశాడు, గొడుగు తీసి ఆమె చేతిలో పెట్టాడు.

"బిడ్డా, మీ ఇంట్ల పెద్దోళ్లు ఎవలుంటరు?"

"అమ్మ ఉంటది. అనసూయమ్మ."

"పుణె పోయేముంగట ఒకపారి వచ్చి మాట్లాడాలె ఆమెతోని. ఎన్నడు రమ్మంటవ్?"

నాగేందర్ ఊపిరి బిగబట్టాడు. సంజన గొడుగు విప్పి, ముత్తన్న నెత్తిన పట్టి, తల వంచుకుని గబుక్కున అనేసింది.

"రేపు ఐతారమే గద బాపూ, అమ్మ ఇంట్లనే ఉంటది."