బరువెక్కిన స్టీరింగ్

నాగసాకి కొండవాలు మీద, రెండు కార్లు ఎదురుపడితే ఒకటి వెనక్కి వెళ్లక తప్పని ఇరుకు వీధిలో, కురోకి చిసాతో అనే యువతి నడుపుతున్న కారు ఒక గ్యారేజీ బోర్డును గీరి ఆగింది. వాన పడుతోంది. మలుపులో స్టీరింగ్ ఉన్నట్టుండి రాయిలా బిగుసుకుంది; బానెట్ కింద నుంచి ఎవరో పళ్లు నూరుతున్నట్టు మూలుగు వచ్చింది. ఆ కారు ఆమె బాబాయి వాడి వదిలేసినది. చేప కేకుల దుకాణంలో పనిచేసే చిసాతో అందులోనే ఇంటింటికీ సరుకు చేరవేస్తుంది.

గ్యారేజీలోంచి మెకానిక్ ఓత్సుబో కనమే పరుగున వచ్చాడు. తిట్టవలసిన మనిషి క్షమాపణ చెప్పాడు. బోర్డును వీధిలోకి అంతగా జరపడం తమ పొరపాటేనన్నాడు. కాదు, పొరపాటు తనదేనన్నది చిసాతో. తప్పు నాదంటే నాదని ఇద్దరూ తడుస్తూ పోటీపడుతుంటే, యజమాని భార్య త్సురుయో గొడుగు పట్టుకుని వచ్చింది.

"మీ ఇద్దరి మర్యాదలూ అయ్యేసరికి బోర్డు తుప్పు పడుతుంది. లోపలికి రండి."

కనమే బానెట్ ఎత్తి చూసి, పవర్ స్టీరింగ్ పంపు చివరి రోజుల్లో ఉందని చెప్పాడు. సీలు అరిగి నూనె కారిపోతోంది, నూనె తగ్గినచోట గాలి దూరుతోంది, మూలుగు దానిదే. అలాంటి పంపు కొత్తది ఇప్పుడు దొరకదు, బాగుచేసినది తెప్పించాలి. అప్పటిదాకా నూనె పోస్తూ నెట్టుకురావచ్చు. పోయండి చాలు, అంది చిసాతో.

మొదట్లో ఆమె నూనె తగ్గాక వచ్చేది. తర్వాత తగ్గకముందే రాసాగింది.

"సగం కూడా తగ్గలేదు, కురోకి గారూ. తొందరపడ్డారు."

"వాన కదా. భయమేసింది."

"నిన్న వాన లేదు. నిన్నా వచ్చారు."

"నిన్న, వాన వస్తుందేమోనని భయమేసింది."

కనమే నవ్వు దాచుకోవడానికి బానెట్ కిందికి వంగేవాడు. ఈ కారు తాగినంత మా ఆయన కూడా తాగడమ్మా అని త్సురుయో టీ పోస్తూ ఎత్తిపొడిచేది. బాగుచేసిన పంపు ఎప్పుడు వస్తుందని చిసాతో అడగలేదు. వచ్చిందని కనమే చెప్పలేదు.

అలాంటి స్టీరింగ్‌తో ఆ వాలు దిగడం ఎంత ప్రమాదమో ఆమెకు తెలుసు. ఆమెకంటే బాగా అతనికి తెలుసు. ప్రాణం మీదికి తెచ్చుకోవడానికి సిద్ధపడిన ఆ ఇద్దరూ, ఒక్క మాట పైకి అనడానికి మాత్రం సిద్ధపడలేదు. దాన్ని ఆ ఊరు మర్యాద అంటుంది. పిరికితనానికి అంతకన్నా అందమైన పేరు పెట్టడం ఎవరి తరమూ కాదు.

ఆకులు రంగు మారే వేళకు, సముద్రం అవతల గోతో దీవుల్లో ఉన్న కనమే మేనమామ నుంచి పిలుపు వచ్చింది. ఆయనకు చూపు మందగించింది. తన గ్యారేజీని మేనల్లుడు వచ్చి నడపాలన్నాడు. ఈ సంగతి చిసాతోకు చెప్పింది త్సురుయోనే.

"ఇంకా మాటివ్వలేదు. ఇక్కడే ఉండమనేవాళ్లు ఎవరన్నా ఉన్నారేమోనని చూస్తున్నాడు" అని చిసాతో ముఖంలోకి సూటిగా చూసింది.

ఒకరి బతుకుదారికి అడ్డం నిలబడటం అమర్యాద అని చిసాతో నేర్చుకుంది. అది ఆమెకు నేర్పినవాళ్లు ఆమె ఏమి కోల్పోతుందో లెక్కవేయలేదు. కనమే నూనె డబ్బాతో ఎదురుగా వచ్చినప్పుడు, "మేనమామ గారు చాలా సంతోషిస్తారు" అంది.

అతను డబ్బా మూత బిగించాడు. "అవును" అన్నాడు. ఆ సాయంత్రమే మేనమామకు మాటిచ్చాడు.

వెళ్లేముందు పంపు మార్చి వెళతానని కబురు పెట్టాడు. బిగించడం పూర్తయ్యాక, గొట్టాల్లో చిక్కుకున్న గాలిని బయటికి తీయాలి. ఒకరు స్టీరింగ్‌ను ఈ కొస నుంచి ఆ కొసకు మెల్లగా తిప్పుతుంటే, ఇంకొకరు నూనెలో లేచే బుడగలు చూస్తుండాలి. చిసాతో స్టీరింగ్ పట్టుకుంది. ఎత్తిన బానెట్ వెనక అతని ముఖం ఆమెకు కనబడలేదు.

"కుడికి" అన్నాడు. "ఇప్పుడు ఎడమకి."

ఆమె తిప్పింది.

"ఈ పంపు ఎండాకాలంలోనే వచ్చింది, కురోకి గారూ."

"తెలుసు. అరలో చూశాను."



"కుడికి" అన్నాడు మళ్లీ.

"బుడగలు ఇంకా వస్తున్నాయా?"

"లేదు. ఆగి చాలాసేపైంది." ఒక్క క్షణం తర్వాత, "ఎడమకి" అన్నాడు.

ఆమె ఎడమకి తిప్పింది. ఉండిపొమ్మని అడగడానికి అంతకన్నా అనువైన సమయం దొరకదు. ఇచ్చిన మాటను వెనక్కి తీసుకొమ్మనడం మరీ పెద్ద అమర్యాద అనుకుంది. ఆరోగ్యం జాగ్రత్త అంది. మీరు కూడా, అన్నాడతను.

బండి బయటికి తీస్తుంటే అతను వీధిలోకి వచ్చి, వచ్చే వాహనాలను ఆపి దారి ఇచ్చాడు. ఆపైన నడుము వంచి నమస్కరించాడు. కారు కనుమరుగయ్యేదాకా తల ఎత్తకూడదు. ఏ గ్యారేజీ అయినా ఖాతాదారుకు ఇచ్చే గౌరవం అది. చిసాతో మలుపు దగ్గర ఆగి అద్దంలోకి చూసింది. చినుకులు మొదలయ్యాయి. అతని వీపు మీద చొక్కా మచ్చలు మచ్చలుగా నల్లబడుతోంది. స్టీరింగ్ ఇప్పుడు ఎంత తేలికగా ఉందంటే, బండిని వెనక్కి తిప్పడానికి ఒక్క వేలు చాలు. కానీ ఆమె అక్కడ ఆలోచిస్తూ ఉన్నంతసేపూ అతను అలాగే వంగి ఉంటాడు.

అతను తడవకూడదని, చిసాతో మలుపు తిరిగి వెళ్లిపోయింది.