నీడ లేని కారు

ఆఖరి మలుపు దగ్గర మార్నీ కారు మళ్ళీ ఆగిపోయింది.

నిజానికి ఆగింది కారు కాదు, కంప్యూటర్. తెర మీద దుమ్ము రేపుకుంటూ దూసుకుపోతున్న ఎర్ర కారు గాల్లో అలాగే నిలబడిపోయింది. రెండు సెకన్లు. మూడు సెకన్లు. మళ్ళీ కదిలేసరికి అది రోడ్డు మీద లేదు, లోయలో ఉంది.

"ఏడుగురిలో ఏడో స్థానం!" హెడ్‌ఫోన్‌లో రోరీ పకపకా నవ్వాడు. "మార్నీ, మీ ఇంట్లో కారుకి పెట్రోలు బదులు టీ పోస్తారా?"

"నోర్ముయ్," అంది మార్నీ.

మార్నీది కంప్యూటర్‌లో నడిచే బడి. టీచరు నాలుగు వందల కిలోమీటర్ల అవతల టౌన్లో ఉంటుంది. క్లాసులో ఉన్న ఏడుగురూ ఏడు పశువుల స్టేషన్లలో, అంటే ఊళ్ళకి దూరంగా ఉండే పెద్ద పెద్ద పశువుల క్షేత్రాల్లో, ఎవరింట్లో వాళ్ళు కూర్చుని చదువుకుంటారు. అందరిలోకీ రోరీ వాళ్ళిల్లే దగ్గర. నూట అరవై కిలోమీటర్లు. వీళ్ళందరూ ఒకరినొకరు కళ్ళారా చూసుకునేది ఏడాదికి రెండుసార్లే. అందుకే శుక్రవారం బడి అయ్యాక ఆడే ఈ కార్ల రేసే వాళ్ళకి ఆటస్థలం. అందులో వారం వారం ఆఖరున రావడమంటే ఎలా ఉంటుందో మీరే చెప్పండి.

"నీ కంప్యూటర్ ముసలిదైపోయింది. వెనకాల నడుస్తున్నవన్నీ మూసెయ్," అన్నాడు రోరీ. "మనకి కనబడకుండా లోపల బోలెడు ప్రోగ్రాములు తిరుగుతుంటాయి. వాటన్నిటినీ మొయ్యలేకే అది ఆయాసపడుతోంది."

మార్నీ ఆ జాబితా తెరిచింది. అన్నిటికన్నా పైన, అన్నిటికన్నా ఎక్కువ బరువుతో ఒకటుంది. దాని పక్కన చిన్న నీటి బొట్టు బొమ్మ.

అదేంటో మార్నీకి బాగా తెలుసు. వాళ్ళకి పదకొండు బోర్లు ఉన్నాయి. ఒక్కో బోరు దగ్గర ఒక ట్యాంకు, పశువులు తాగడానికి ఒక తొట్టి. ట్యాంకులో నీళ్ళు ఎంతున్నాయో ఈ ప్రోగ్రాముకి ఎప్పటికప్పుడు కబురు వస్తుంది. మట్టం బాగా తగ్గిందంటే కంప్యూటర్ కీచుమని అరుస్తుంది.

ఆ అరుపు వినడం తాత పని. కళ్ళు మసకబారాయని నిరుడు డాక్టరు తాతని బండి నడపొద్దన్నాడు. ఆ రోజే నాన్న కంప్యూటర్ పక్కన ఒక పేము కుర్చీ వేసి, "బోర్లు నీవి నాన్నా," అన్నాడు. తాతకి కళ్ళు మసకే గానీ, పాము చెవులు. వరండా చివర కూర్చున్నా ఆ కీచుమనే చప్పుడు ఆయన చెవిన పడాల్సిందే.

'గంట సేపేగా,' అనుకుంది మార్నీ. 'ఆట అవ్వగానే తెరిచేస్తా.'

నీటి బొట్టుని మూసేసింది. ఆ రేసులో మూడో స్థానం వచ్చింది! ఆట అవ్వగానే, అనుకున్నట్టే, ప్రోగ్రాం మళ్ళీ తెరిచింది.

తర్వాతి శుక్రవారం మళ్ళీ మూసింది. ఈసారి కారు ఎక్కడా ఆగలేదు, తడబడలేదు. మలుపు మీద మలుపు దాటుకుంటూ వెళ్ళి రోరీకన్నా ముందు గీత దాటింది. మొదటి స్థానం! మార్నీ హెడ్‌ఫోన్ విసిరేసి, "అమ్మా! గెలిచా!" అని కేకలు పెడుతూ వంటింట్లోకి పరిగెత్తింది. అమ్మ అప్పుడే కేకు ముక్కల్ని చాక్లెట్‌లో ముంచి కొబ్బరిపొడిలో దొర్లిస్తోంది. మార్నీ నాలుగు తింది. తాతకి రెండు పట్టుకెళ్ళింది. రేసంతా మొదటి నుంచి చివరిదాకా అందరికీ చెప్పింది.

నీటి బొట్టు సంగతి మాత్రం మరిచిపోయింది.

శని, ఆదివారాలు బడి లేదు. ఆ తెర వైపు ఎవరూ చూడలేదు. తాత మాత్రం తన కుర్చీలో కూర్చుని క్రికెట్ కామెంటరీ విన్నాడు. కంప్యూటర్ ఒక్కసారి కూడా అరవలేదు.

"ఈ వారం బోర్లన్నీ ఎంత బుద్ధిగా ఉన్నాయో!" అని మురిసిపోయాడు.

ఆదివారం మధ్యాహ్నం గోడ మీది రేడియో గరగరలాడింది. అది పాటల రేడియో కాదు, మాట్లాడుకునేది. ఇంట్లో ఒకటి, ప్రతి బండిలో ఒకటి ఉంటాయి. ఒకరు మాట్లాడితే అందరికీ వినబడుతుంది. ఆ స్టేషన్లో రహస్యాలు దాగవు.

"పన్నెండో మైలు బోరు దగ్గర ట్యాంకు ఖాళీ," అంది నాన్న గొంతు. "ఎద్దు ఏదో కుమ్మి పైపు విరిచేసినట్టుంది. నీళ్ళన్నీ ఇసకపాలు. తొట్టి ఎండిపోయింది. మూడు వందల పశువులు తొట్టి చుట్టూ నిలబడి అరుస్తున్నాయి. కాథ్, నీళ్ళ లారీ తీసుకుని తొందరగా రా!"

"బయల్దేరా," అంది కాథ్. ఆమె పశువుల్ని కాసే వాళ్ళందరికీ పెద్ద.

"నాన్నా, కంప్యూటర్ అరవలేదా?" అని తాతని అడిగింది నాన్న గొంతు.

తాత లేచి రేడియో దగ్గరికి వచ్చాడు. "లేదురా. ఇక్కడే ఉన్నా. ఒక్కసారి కూడా అరవలేదు."

అమ్మ కంప్యూటర్ దగ్గరికి వెళ్ళి చూసింది. "మామయ్యా," అంది మెల్లగా. "ప్రోగ్రాం మూసేసి ఉంది." దాన్ని మళ్ళీ తెరిచింది.

తాత మళ్ళీ రేడియో బటన్ నొక్కాడు.

"తప్పు నాదేరా. దుమ్ము తుడుస్తూ ఏదో నొక్కేసి ఉంటా. నాకు గుర్తు లేదు."

"పోనీలెండి పెద్దాయనా," అంది కాథ్ గొంతు. "వయసు మీద పడితే ఎవరికైనా అంతే."

గుమ్మంలో నిలబడ్డ మార్నీకి శుక్రవారం తను మూసిన నీటి బొట్టు గుర్తొచ్చింది. ఆ క్షణంలో చెప్పేసి ఉంటే ఎంత తేలికయ్యేదో! చెప్పలేకపోయింది.

పొద్దు గూకేవేళకి నాన్న వచ్చాడు. ఒళ్ళంతా ఎర్రమట్టి. పైపు బాగయింది, పశువులన్నీ దక్కాయి. ఒక దూడ మాత్రం నీరసపడిపోతే బండి వెనక వేసుకొచ్చాడు. "ఇంకొక్క పూట ఆలస్యమైతే ఎన్ని పోయేవో," అన్నాడు. తాతని ఏమీ అనలేదు. భుజం మీద చెయ్యి వేసి, "ఇక ఆ స్క్రీన్ సంగతి నేను చూసుకుంటాలే నాన్నా. నువ్వు హాయిగా కూర్చో," అన్నాడు.

"సరేరా," అన్నాడు తాత.

సోమవారం బడి మొదలైంది. కంప్యూటర్ పక్కన పేము కుర్చీ ఖాళీగా ఉంది. మార్నీ లెక్కలు చేస్తూ దాని వైపు చూడకూడదనుకుంది. అనుకున్న కొద్దీ చూపు అటే పోయింది.

పదింటికి టీ వేళ వరండాలోకి వెళ్ళింది. తాత టోపీ ఒళ్ళో పెట్టుకుని కూర్చున్నాడు.

"మార్నీ, పొద్దున కుక్కకి తిండి పెట్టానా?"

"పెట్టావు తాతా."

"నువ్వు చూశావా?"

"చూశా."

"రెండుసార్లు పెట్టలేదు కదా?" అని, మళ్ళీ తనే, "వంటింట్లో గ్యాసు ఒకసారి చూసి రామ్మా. టీ పెట్టాను. కట్టేశానో లేదో," అన్నాడు.

మార్నీ వెళ్ళి చూసింది. గ్యాసు కట్టేసే ఉంది. టీ కప్పు కడిగి బోర్లించి ఉంది. చెంచా సొరుగులో ఉంది. తాత ఒక్కటి కూడా మరిచిపోలేదు. అంతా చక్కగా గుర్తున్న మనిషి, తనకేమీ గుర్తుండట్లేదని బెంగపెట్టుకున్నాడు. అదంతా తన వల్లే. మార్నీకి ఏడుపు ముంచుకొచ్చింది.

వరండాలోకి వచ్చి తాత ఎదురుగా నిలబడింది.

"తాతా, ఆ ప్రోగ్రాం మూసింది నువ్వు కాదు. నేను. కారు ఆగిపోతోందని మూశా. గెలిచిన సంబరంలో మళ్ళీ తెరవడం మరిచిపోయా."

తాత ఆమె వైపు తిరిగాడు. ఆయన ముఖంలో కోపమో, ఊరటో, రెండూనో.

"నిన్నటి నుంచి నా బుర్ర మీద నాకే నమ్మకం పోయింది, తెలుసా?" అన్నాడు. "రాత్రి మీ నాయనమ్మ పుట్టినరోజు ఎప్పుడో గుర్తు తెచ్చుకుని, అదైనా కరెక్టో కాదోనని భయపడ్డాను."

"కరెక్టే అయ్యుంటుంది తాతా," అని మార్నీ వెక్కింది.

"అయ్యుంటుందేంటి, కరెక్టే!" తాత చేతి రుమాలు తీసి ఇచ్చాడు. "ముక్కు తుడుచుకో. మీ నాన్నకి నేను చెప్పను. నువ్వే చెప్పాలి. సాయంత్రం వస్తాడుగా, అప్పుడు చెప్దువు గాని."

మార్నీ తలూపింది. లోపలికి వెళ్ళింది. గోడ మీద రేడియో కనబడింది.

తాత తప్పు తనదేనని చెప్పింది అందులోనే. విన్నది నాన్న ఒక్కడే కాదు. కాథ్ విన్నది. మిగతా కాపరులు విన్నారు. సాయంత్రం నాన్న చెవిలో చెబితే వాళ్ళకెలా తెలుస్తుంది?

మార్నీ స్టూలు లాక్కుని ఎక్కింది. బటన్ నొక్కింది.

"నాన్నా, నేను మార్నీని. అందరూ వింటున్నారా? బోర్ల ప్రోగ్రాం తాత మూయలేదు. నేను మూశా. ఆట కోసం. తాత ఏదీ మరిచిపోలేదు. మరిచిపోయింది నేను." ఇంకేం చెప్పాలో తెలియలేదు. "అంతే," అంది.

రేడియో గరగరలాడింది.

ముందు కాథ్ గొంతు వచ్చింది. "పెద్దాయనా, నిన్న వయసు గియసు అన్నాను. ఆ మాట వెనక్కి తీసుకుంటున్నా."

తర్వాత నాన్న. "విన్నాను మార్నీ. సాయంత్రం మాట్లాడుకుందాం. శనివారం నాతో పన్నెండో మైలుకి వస్తున్నావు. తొట్టిలో పాచి గీకే పని నీది." తర్వాత తాతని పిలిచాడు. "నాన్నా, ఉన్నావా అక్కడ? పన్నెండో మైలులో నీళ్ళు ఎంతున్నాయి?"

తాత అప్పటికే గుమ్మంలో ఉన్నాడు. గబగబా వచ్చి కుర్చీలో కూర్చుని తెరకి ముక్కు ఆనించినంత పని చేశాడు. మార్నీ ఆయన చెవి దగ్గర మెల్లగా చదివింది.

"ఎనభై ఆరు శాతం," అన్నాడు తాత రేడియోలో, ఎప్పటిలా పెద్ద గొంతుతో.

బుధవారం తాత కంప్యూటర్‌ని షెడ్డులోకి మోయించాడు. మూత విప్పితే లోపల ఎర్రదుమ్ము వేలి మందాన ఉంది.

"బండి లాగకపోతే ముందు ఫిల్టర్‌లో దుమ్ము చూస్తాం," అన్నాడు. "బరువు తగ్గుతుందని బ్రేకులు పీకి పారేస్తామా?"

ఫ్యాను తిరగకుండా మార్నీ వేలితో పట్టుకుంది. తాత గాలి పంపుతో దూరం నుంచి నెమ్మదిగా ఊదాడు. ఇద్దరూ కప్పు ఎగిరిపోయేలా తుమ్మారని చెప్పను గానీ, కుక్క మాత్రం బెదిరి షెడ్డులోంచి పారిపోయింది. తర్వాత మార్నీ ఆట బరువు తగ్గించడానికి దాని సెట్టింగులు తెరిచింది. నీడలు తీసేసింది. గడ్డి తీసేసింది. మబ్బులు తీసేసింది. నీటి బొట్టుని మాత్రం ముట్టుకోలేదు.

శుక్రవారం రేసు మొదలైంది.

"మార్నీ, నీ కారు సాఫీగానే పోతోందే!" అన్నాడు రోరీ. "నీ తెర మీద మబ్బులు కూడా అందంగా ఉన్నాయా?"

"మబ్బుల్లేవు. గడ్డి లేదు. నా కారుకి నీడ కూడా లేదు."

"నీడ లేదా? దెయ్యం కారా అది?"

"దెయ్యమే. వెనక్కి తిరిగి చూసుకో, వస్తున్నా!"

నాలుగో స్థానం. మూడో స్థానం. ఆఖరి మలుపు దగ్గర మార్నీ రోరీ కారు పక్కకి వచ్చేసింది.

కంప్యూటర్ కీచుమని అరిచింది.

"నువ్వు ఆడుకోవే, నేను చూస్తాలే," అన్నాడు తాత, కళ్ళజోడు వెతుక్కుంటూ.

మార్నీ అప్పటికే మీటల మీంచి చేతులు తీసేసింది. "ఉత్తరం బోరు, తాతా. ముప్ఫై ఎనిమిది శాతం. ఇంకా తగ్గుతోంది."

తాత రేడియో అందుకున్నాడు. తెర మీద నీడ లేని ఎర్ర కారు రోడ్డు మధ్యలో ఆగి ఉంది. మిగతా కార్లు ఒక్కొక్కటే దాన్ని దాటుకుని వెళ్ళిపోతున్నాయి. మార్నీ వాటి వైపు చూడలేదు. అంకెలు మారిన కొద్దీ తాతకి చదివి చెబుతోంది.