బెంజి కారుకు ప్రయాణ ప్రార్థన

"చెయ్యి చాపు," అన్నాడు మేజర్ శేషాద్రి.

కరుణాకర్ చాపాడు. అరచేతిలో చక్కిలమంత ఇత్తడి చక్రం ఒకటి పడింది. చుట్టూ సన్నటి పళ్ళు, మధ్యలో బెజ్జం.

"ఇదేమిటో తెలుసుగా?"

"సైఫర్ రోటర్ సార్. మన కోడ్ మెషీన్లో తిరిగేది."

"దీని జతది పోయింది. కొట్టేసింది డాక్టర్ క్లాస్."

అది 1979. హైదరాబాదులో విత్తనాల పరిశోధన అని బోర్డు పెట్టుకున్న ఆ ఆఫీసులో ఒక్క విత్తనం కూడా లేదు. మేజర్ శేషాద్రి దేశం కోసం పాతికేళ్ళుగా గూఢచారుల్ని మొలకెత్తిస్తున్నాడు. వాళ్ళలో ముందు వరుసవాడు కరుణాకర్, ఏజెంట్ కె.

"క్లాస్ అంటే కొలిమిగుండ్ల వైపు రాళ్ళు పరీక్ష చేసే ఆ విదేశీ నిపుణుడేనా?"

"రాళ్ళు పైకి. లోపల గూఢచారి ముఠా. మొన్ననే విమానమెక్కి వెళ్ళిపోయాడు. ఎయిర్‌పోర్టులో కోటు కుట్లు కూడా విప్పి చూశాం, ఏమీ దొరకలేదు. ఆళ్ళగడ్డ బంగళాలో అతని బెంజి కారు ఉంది. దాన్ని రైలు మీద మద్రాసుకు, అక్కణ్ణుంచి ఓడలో వాళ్ళ దేశానికి పంపిస్తున్నారు. చక్రం అందులోనే ఉండాలి."

"కారు పట్టుకుందాం సార్."

"ఎంబసీ సీలుంది. సాక్ష్యం లేకుండా ఒక్క స్క్రూ విప్పినా ఢిల్లీలో నా కుర్చీ ఉండదు. మద్రాసు హార్బర్లో మనవాళ్ళున్నారు. అక్కడ క్రేను మీంచి కారు పొరపాటున జారి పడుతుంది. జారిపడ్డ కారును ఎవరైనా విప్పి చూడొచ్చు. అంతవరకూ దాన్ని వదలకుండా అంటిపెట్టుకొని ఉండటమే నీ పని."

కరుణాకర్ చక్రాన్ని తిరిగి ఇవ్వలేదు. గుప్పిట్లోనే పట్టుకున్నాడు. "ఇమ్మానుయేలు సంగతేమిటి సార్?"

మేజర్ కిటికీలోంచి బయటికి చూశాడు. పరాయి దేశపు రేవు పట్టణంలో వాచీలు బాగుచేసుకుంటూ బతుకుతున్న మన మనిషి ఇమ్మానుయేలు. అతను పంపే ప్రతి సందేశమూ ఈ చక్రంతో తిప్పి పంపిందే.

"అతని పాత మెసేజీలన్నీ వాళ్ళ టేపుల మీద ఉన్నాయి. చక్రం చేరిందంటే చదివేస్తారు. ఏ వీధో, ఏ ఇల్లో, అన్నీ తెలిసిపోతాయి. వెనక్కి పిలిపిద్దామంటే దారుల్లేవు. ఆ చక్రం ఓడెక్కకూడదు, అంతే."

నంద్యాల మిషన్ హాస్టల్లో కరుణాకర్, ఇమ్మానుయేలు ఒకే దుప్పటి కప్పుకొని పెరిగారు. ఆ దుప్పటి ఎప్పుడూ ఇమ్మానుయేలు వైపు తక్కువగా ఉండేది, అతనే కావాలని అలా ఉంచేవాడు. అతను తప్ప కరుణాకర్‌కు ఈ లోకంలో నా అన్నవాళ్ళు లేరు.

మర్నాడు ఆళ్ళగడ్డ బస్టాండులో ఓడ సరుకులు పంపే మద్రాసు క్లియరింగ్ ఏజెంటు గారి గుమాస్తా వేషంలో కరుణాకర్ దిగాడు. నుదుట విభూతి, చంకలో గొడుగు, జేబులో డిపార్ట్‌మెంటు వారి ఫౌంటెన్ పెన్ను. అది పెన్ను కాదు, మెటల్ డిటెక్టరు.

ఇన్‌ఫార్మర్‌ను కలవడానికి కోడ్ ఢిల్లీలో తయారైంది. ఏజెంటు "వానలెట్లున్నాయి?" అని అడగాలి. "యాడ వానలప్పా, వట్టి మబ్బులే" అని జవాబు రావాలి. ఆ కోడ్ రాసిన మేధావి రాయలసీమ మొహం చూసి ఎరుగడు. సోడా బండివాడు అదే జవాబు చెప్పాడు. బస్సు కండక్టరు అదే చెప్పాడు. ఎద్దులకు నీళ్ళు పెడుతున్న ముసలాయన అడక్కుండానే చెప్పాడు. ఈ లెక్కన ఆళ్ళగడ్డ తాలూకా మొత్తం మన డిపార్ట్‌మెంటే అనుకొని కరుణాకర్ తల పట్టుకున్నాడు.

"వట్టి మబ్బులే," అంది వెనక నుంచి ఒక తియ్యటి గొంతు.

నల్ల కళ్ళద్దాలు, ఊదారంగు నైలెక్స్ చీర, సెంటు వాసన. ఆమె లూదియా. వారమంతా డాక్టర్ క్లాస్‌కు సెక్రటరీ, ఆదివారం చర్చి క్వైరులో గాయని, రహస్యంగా మన ఇన్‌ఫార్మర్. ఆమెను చూడటానికి సోడా బండి దగ్గర అవసరం లేని దాహాలు చాలా పుట్టాయి.

"కారు క్లీన్. అంగుళం వదలకుండా చూశాను," అంది నడుస్తూనే. "మద్రాసులో మీవాళ్ళు రెడీగా ఉన్నారా?"

"ఉన్నారు."

"గుడ్. మనం కంగారు పడాల్సింది ఏమీ లేదు."

బంగళా వసారాలో బెంజి కారు నల్లగా మెరుస్తోంది. డ్రైవరు ఇస్సాకు దాన్ని తుడుస్తున్నాడు. తొమ్మిదేళ్ళు నడిపిన బండి రేపు సముద్రం దాటి పోతోందని అతని కళ్ళు ఎర్రబడి ఉన్నాయి. కరుణాకర్ పెన్ను తీసి కారు చుట్టూ తిప్పాడు. పెన్ను గుయ్యిమంది. డోరు దగ్గర గుయ్యిమంది, డిక్కీ దగ్గర గుయ్యిమంది, ఎక్కడ పెడితే అక్కడ గుయ్యిమంది. కారంటేనే ఇనుము కదా అన్న సంగతి ఆ పెన్ను తయారుచేసిన సైంటిస్టుకు తట్టలేదు. సీట్లు తడిమాడు, కార్పెట్లు ఎత్తాడు, కారు కిందికి దూరి చూశాడు. ఏమీ లేదు.

ఇక మిగిలింది మనిషే.

"ఇస్సాకన్నా, దొర పోయేముందు కారుకేమన్నా పని చేయించినాడా?"

ఇస్సాకు గుడ్డ పిండటం ఆపాడు. "చేయించినాడు."

కరుణాకర్ దగ్గరికి జరిగాడు. "ఏం పని?"

"అది చెప్పకూడదప్పా. ఏ మనిషికీ చెప్పనని నాతో మాట తీసుకున్నాడు."

"చెప్పన్నా. ఒక మనిషి ప్రాణం మీదికి వచ్చింది."

"ఏందప్పా, గుమాస్తావి నువ్వు. కారు పంపీడానికీ మనిషి ప్రాణానికీ ఏం సమ్మందం?"

ఏం సంబంధమో చెప్పే అధికారం కరుణాకర్‌కు లేదు. బతిమాలాడు, కోపపడ్డాడు. ఇస్సాకు కదల్లేదు, మాటంటే మాటే అన్నాడు. కరుణాకర్ పోస్టాఫీసుకు పరిగెత్తి మేజర్‌కు లైట్నింగ్ కాల్ బుక్ చేశాడు. చాలాసేపటికి లైను కలిసింది. అవతల పత్తి వ్యాపారి ఎవరో ఈ ఏడు ధర ఎంతని అరిచి అడిగాడు. కరుణాకర్ ఫోను పెట్టేసి పోస్టాఫీసు మెట్ల మీద కూలబడ్డాడు. దేశంలో పేరున్న ఏజెంటు, జేబులో పిస్తోలు కూడా లేదు. పరాయి దేశంలో దుప్పటి కప్పే దిక్కు లేకుండా ఇమ్మానుయేలు పడుకొని ఉంటాడని తలచుకుంటే ఏడుపొచ్చింది. ఎవరూ చూడకుండా కాస్త ఏడ్చాడు కూడా.

మర్నాడు మధ్యాహ్నానికి కారు నంద్యాల స్టేషన్ గూడ్సు షెడ్డు చేరింది. రూలు ప్రకారం పెట్రోలు మొత్తం తీసేశారు, బ్యాటరీ వైర్లు ఊడదీశారు. హమాలీలు కారును పలకల మీదుగా పైకప్పు లేని వాగనులోకి తోసి, చక్రాల కింద చెక్కదిమ్మెలు కొట్టి, మోకులతో కట్టేశారు. బుకింగు కాగితాలన్నీ లూదియా హ్యాండ్‌బ్యాగులో ఉన్నాయి. ఇంజను వచ్చి తగులుకుంది. గార్డు వెనక పెట్టె దగ్గర నిలబడి జెండా విప్పుతున్నాడు.

అప్పుడు వచ్చారు చర్చి పాస్టరు దేవదానం అయ్యగారు. తెల్ల ప్యాంటు, తెల్ల చొక్కా, ఆయన వెనక ఇస్సాకు భార్య ఏసమ్మ, సంఘపు ఆడవాళ్ళు ఓ డజను మంది.

"ఇప్పుడేంటిది?" లూదియా మొహం చిట్లించింది. "బండి బయలుదేరుతోంది."

"ప్రార్థన లేకుండా నా బండి ఎన్నడూ గేటు దాటలేదమ్మా," అన్నాడు ఇస్సాకు. "సముద్రం యెట్ల దాటుతుంది?"

"నువ్వే అట్లంటే యెట్ల లూదియమ్మా?" అంది ఏసమ్మ. "ముందు పాట నువ్వే ఎత్తుకోవాల."

క్వైరులో పాడే పిల్ల కాదని ఎలా అంటుంది? గబగబా ఒక చరణం పాడేసింది. అందరూ తలలు వంచి కళ్ళు మూసుకున్నారు. విభూతి పెట్టుకున్న గుమాస్తా కూడా మూసుకున్నాడు. ప్రార్థనలో కన్ను తెరిచినందుకు హాస్టల్ వార్డెను చేత తిన్న బెత్తం దెబ్బలను ఏ గూఢచారి ట్రైనింగూ చెరపలేకపోయింది.

"పరిశుద్ధుడవైన తండ్రీ," అయ్యగారి గొంతు గూడ్సు షెడ్డు రేకులకు తగిలి మోగింది. "ఈ వాహనమును నీ హస్తములకు అప్పగించుచున్నాము. గుంతకల్లులో కాపాడుము. బళ్ళారిలో కాపాడుము. హుబ్లిలో కాపాడుము. మర్మగోవా రేవులో ఓడ ఎక్కు సమయమున..."

కరుణాకర్ కళ్ళు తెరిచాడు.

మర్మగోవా! మద్రాసు కాదు. ఇక్కడి మీటర్ గేజి వాగను గుంతకల్లులో మారే పని లేకుండా గోవా రేవు దాకా తిన్నగా పోతుంది. మద్రాసులో మనవాళ్ళు క్రేను పట్టుకొని కూర్చునే ఉంటారు. మేజర్‌కు ఆ మద్రాసు కబురు పంపింది లూదియాయే.

అతను ఆమె వైపు చూశాడు. అందరి తలలూ వంగి ఉన్నాయి. ఒక్క లూదియా తల మాత్రం నిటారుగా ఉంది. కళ్ళద్దాలు తీసేసి అతన్నే చూస్తోంది. ప్రార్థనలో కళ్ళు తెరిచి ఉన్నది ఇద్దరే. ఆమె ఎవరి మనిషో అతనికి తెలిసిపోయింది, తెలిసిపోయిందని ఆమెకూ అర్థమైపోయింది.

అయ్యగారు ఆపలేదు. "తండ్రీ, దొరగారి ఆజ్ఞ చొప్పున మా సహోదరుడు ఇస్సాకు వెనుక కుడి చక్రపు డ్రమ్ములో బిగించిన ఆ ఇత్తడి చక్రమును నీ వెరుగుదువు. అది దారిలో ఊడి, బ్రేకులు పట్టివేసి, దూరదేశమున ఎవరికిని అపాయము కలుగకుండ కాపాడుము."

లూదియా చేయి హ్యాండ్‌బ్యాగులోకి వెళ్ళింది. బ్యాగు మూతి మెల్లగా అయ్యగారి వీపు వైపు తిరిగింది. లోపలున్నది కాగితాలు మాత్రమే కాదని, పిస్తోలు కూడా ఉందని కరుణాకర్‌కు అర్థమైంది. కదిలావో, అని ఆమె కనుబొమ్మ చెప్పింది.

అతను కదల్లేదు. కదిలితే అయ్యగారు పోతారు, కదలకపోతే ఇమ్మానుయేలు పోతాడు. చక్రం ఎక్కడుందో ఇప్పుడు తెలుసు, పది అడుగుల దూరంలో ఉంది, అయినా చేతకాని చవటలా చేతులు జోడించుకొని నిలబడ్డాడు. తెలియనప్పుడే నయం అనిపించింది. అయ్యగారు గుమాస్తా కోసం ప్రార్థించారు. పరీక్షలు రాసే పిల్లల కోసం, సుగుణమ్మ గారి గేదె కోసం, వానల కోసం ప్రార్థించారు. గార్డు విజిలు ఊదాడు. పచ్చజెండా ఊగింది. ఇంజను కూత వేసింది. కప్లింగులు ఒకదాని వెనక ఒకటి ఖంగుమన్నాయి. బెంజి కారు ఒక్క కుదుపుతో కదిలింది.

"ఆమేన్," అన్నారు అయ్యగారు.

"ఆమేన్!" అంది సంఘం.

ఆమేన్ తర్వాత సంఘం ఊరికే నిలబడదు. ఒకరి చేతులు ఒకరు పట్టుకొని వందనాలు చెప్పుకోవాలి. పాట పాడిన పిల్లకు ముందు చెప్పాలి.

"వందనాలు లూదియమ్మా! యెంత బాగ పాడితివే!" ఏసమ్మ మీద పడినట్టు వచ్చి, బ్యాగులో ఉన్న చేతిని బయటికి లాగి మరీ, రెండు చేతులతో పట్టి ఊపింది. రెండో చేయి సుగుణమ్మ లాక్కుంది. మూడో ఆవిడ చేయి దొరక్క భుజం పట్టుకుంది. "వందనాలు! వందనాలు!" బ్యాగు జారి కరుణాకర్ కాళ్ళ దగ్గర పడింది.

వాగను చివరి చక్రం షెడ్డు దాటుతోంది. కరుణాకర్ ఆ బ్యాగులోంచి పిస్తోలు తీసి ఆకాశంలోకి పేల్చాడు. సంఘమంతా మోకాళ్ళ మీద పడింది. గార్డు పచ్చజెండా వదిలేసి ఎర్రజెండా ఎత్తాడు. బ్రేకులు కీచుమన్నాయి. గూడ్సు ఆగింది.

రైల్వే పోలీసుల ఎదుట జాకీ పెట్టి వెనక చక్రం విప్పింది ఇస్సాకే. డ్రమ్ములోంచి గ్రీజు పూసిన ఇత్తడి చక్రం బయటికొచ్చింది. కరుణాకర్ దాన్ని రెండు చేతులతో పట్టుకున్నాడు.

"అయ్యగారూ, నేను చెప్పింది అట్ల గట్టిగా చెప్తారా?" ఇస్సాకు లబోదిబోమన్నాడు. "దొరకు మాటిచ్చినా నేను. ఏ మనిషికీ చెప్పలేదు. దేవునికి చెప్పమని మీకు ప్రార్థన అవసరత కింద మాత్రమే చెప్తి."

"గట్టిగా చెప్పకుంటే సంఘం ఆమేన్ యెట్లంటుందప్పా?" అన్నారు అయ్యగారు, అదేం ప్రశ్న అన్నట్టు.

బేడీలు వేస్తుంటే లూదియా నవ్వింది. "క్వైరులో ఇన్నేళ్ళు పాడాను కరుణాకర్. ఒక్కసారి కూడా నా కోసం ప్రార్థన చేయమని అయ్యగారిని అడగలేదు. అడిగి ఉంటే ఈ గట్టిగా చెప్పే పద్ధతి తెలిసేది."

రిపోర్టులో కరుణాకర్ విశ్వసనీయ వర్గాల సమాచారం అని రాశాడు. అంతకంటే నిజం అతను ఏ రిపోర్టులోనూ రాయలేదు. చక్రం దొరికింది గానీ, ఇందులో తను చేసింది ఏమిటా అని వెతుక్కుంటే గాలిలోకి ఒక గుండు తప్ప ఏమీ కనపడలేదు.

స్టేషన్ బయట అయ్యగారు అతని భుజం మీద చేయి వేశారు. "నువ్వు మా మతస్థుడవు కాకపోయినా పర్వాలేదప్పా. మనసులో ఏందో బరువు పెట్టుకున్నావు. చెప్పు, ప్రార్థన చేస్తా."

కరుణాకర్ గొంతు దాకా వచ్చింది పేరు. చక్రం వెనక్కి వచ్చిందని కూడా తెలియకుండా ఆ రేవు పట్టణంలో ఒంటరిగా వాచీలు విప్పుకుంటున్నవాడి కోసం ఎవరైనా ఒక్క మాట అడిగితే బాగుండునని ప్రాణం కొట్టుకుంది. అయ్యగారి వెనక సంఘమంతా అప్పుడే కళ్ళు మూసుకొని సిద్ధంగా ఉంది. ఆదివారం మైకు కూడా పెడతారు.

"మా అమ్మకు మోకాలి నొప్పి అయ్యగారూ," అన్నాడు.

ఊహ తెలియకముందే పోయిన ఆ తల్లి మోకాలి కోసం దేవదానం అయ్యగారు నంద్యాల స్టేషన్ ముందు గట్టిగా, చాలాసేపు ప్రార్థించారు. మోకాలు అన్న చోటల్లా ఇమ్మానుయేలు అనుకుంటూ విని, విభూతి నుదురు వంచి, అందరికంటే పెద్దగా ఆమేన్ అన్నాడు ఏజెంట్ కె.