వస్తే విమానం, పోతే వెంట్రుక

“వెయ్యను! చచ్చినా వెయ్యను!”

ఎనిడ్ అరిచిన అరుపుకి పొయ్యిమీది కెటిల్ కూడా ఈల వెయ్యడం మానేసింది. ఎదురుగా బల్లమీద జుట్టుకి వేసుకునే రంగు సీసా! దాన్ని తెచ్చింది ఆడపడుచు మ్యూరియల్. పేరులో మూరెడే గాని ఆవిడ నాలుక బారెడు.

“తప్పేముంది వదినా? శనివారం బొమ్మ విమానాల ప్రదర్శన. ఎప్పట్లాగే మా అన్నయ్యకే కప్పొస్తుంది, ఫోటో తీస్తారు. పక్కన నువ్వు ఈ ముగ్గుబుట్ట తలతో నిలబడితే, పెళ్ళామో తల్లో తెలియక జనం చచ్చిపోరూ!”

“నేను పక్కన నిలబడితే కదా ఆ బాధ! ప్రతి ఏడూ నేను నిలబడేది హాల్లో టీ అందించే కిటికీ వెనకాల.”

“అందుకే అంటున్నా, కిటికీలోంచి కనబడేది తలకాయే!”

సరిగ్గా అప్పుడే సిరిల్ లోపలికి వచ్చాడు. కుడి చెయ్యి కోటు జేబులో ఉంది. ఆ చెయ్యి జేబులో కాపురం పెట్టి చాలా కాలమైంది. చెల్లెలి వంక చూశాడు, సీసా వంక చూశాడు, పెళ్ళాం వంక మాత్రం చూడకుండా అన్నాడు కదా... “వేసుకోవచ్చుగా ఎనిడ్, ఒక్క పూటకి!”

ఎనిడ్ గుండె కలుక్కుమంది. మ్యూరియల్ అన్నదంటే తెలియక అన్నది. అన్నీ తెలిసిన మనిషి... తన తల నెరవడం ఎవరి పరువు నిలబెడుతోందో అణువణువూ ఎరిగిన మనిషి... అతనే ఆ మాట అనగలిగాడా!

“నువ్వా అంటున్నావు సిరిల్... నువ్వా!”

మ్యూరియల్‌కి ఒక్క ముక్క అర్థం కాలేదు. అర్థం కానిచోట ఆవిడ ఎక్కువసేపు ఉండదు. సీసా అక్కడే వదిలేసి, టోపీ సర్దుకుని వెళ్ళిపోయింది.

అమ్మల్లారా, మీకు మాత్రం దాచడమెందుకు? ఈ థోర్న్‌షా ఊళ్ళో సగం దుకాణాల మీద పేర్లు రాసింది సిరిల్ హార్‌బాటిలే. కసాయి కొట్టు దగ్గర్నుంచి శవపేటికల కొట్టు దాకా, ఏ బోర్డు చూసినా అక్షరం అక్షరం ముత్యం! అలాంటివాడికి కొంచెం కొంచెంగా కుంచె వణకడం మొదలైంది. ఒకనాడు రొట్టెల దుకాణం బోర్డు మీద గుండ్రని అక్షరం కోడిగుడ్డయి కూర్చుంది. ఆ రోజే నిచ్చెన దిగాడు, మళ్ళీ ఎక్కలేదు. ఊరికి చెప్పింది నడుము నొప్పి అని. నిజం చెప్పింది జేబుకి ఒక్కదానికే.

బోర్డులు పోతే పోయాయి. కాని బొమ్మ విమానాలు! ఒక రెక్క మీద ఒక రెక్క ఉండే పాతకాలం యుద్ధ విమానాలు, అరచేతిలో ఇమిడేవి చేసి, రంగులు వేసి, ప్రతి ఏడూ కప్పు తెచ్చుకునేవాడు సిరిల్. ఊరందరికీ అరచేతిలో వైకుంఠం చూపించినవాడు. చెయ్యి చెడిన మొదటి చలికాలంలో, పై రెక్క అతకబోతే జారి, అతకబోతే జారి... చివరికి బొమ్మని గోడకేసి కొట్టి, బల్లమీద తల వాల్చి పసిపిల్లాడిలా ఏడ్చాడు. ఎనిడ్ ముక్కలు ఏరింది. మర్నాడు బట్టలుతికి ఆరేసి వచ్చి కూర్చుంది. సాయంత్రానికి రెక్కలు రెండూ నిలబడ్డాయి. అతను అడగలేదు, ఆవిడ చెప్పలేదు. కప్పు వచ్చింది... సిరిల్ పేరు మీద!

రెక్కాడితే గాని డొక్కాడదంటారు. అప్పట్నుంచీ ఎనిడ్ రెక్కలాడితే గాని సిరిల్ విమానం ఆడింది లేదు.

అసలు కీలకం తీగల్లో ఉంది. పై రెక్కకీ కింది రెక్కకీ మధ్య ఏటవాలుగా బిగించే సన్నటి ఉక్కు తీగలు ఉంటాయి. వాటికి బదులు దారం పెడితే లావు. పట్టుపోగు పెడితే నూగు. ఎన్ని ఇడుములు పడిందో ఎనిడ్! ఒకరోజు వంగి జిగురు రాస్తూంటే తలలోంచి వెంట్రుక ఒకటి రాలి రెక్కల మధ్య పడింది. అబ్బ, కొలిచినట్టు సరిపోయింది! మొదట్లో ఆవిడది గోధుమరంగు జుట్టు. ప్రతి వెంట్రుకకీ ఉక్కు రంగు పూయాల్సివచ్చేది. ఏళ్ళు గడిచేకొద్దీ ఆ పని దేవుడే చేసిపెట్టాడు. నెరిసిన వెంట్రుకకి రంగెందుకు? అచ్చం ఉక్కు తీగే! ఊళ్ళో ఆడవాళ్ళంతా అద్దం ముందు తెల్ల వెంట్రుక పీకి పారేస్తూంటే, ఎనిడ్ పీకి దాచుకునేది.

ఆ తలకి రంగు వేసుకోమంటాడా సిరిల్!

సీసాని చెత్తబుట్టలో పడేసి ఎనిడ్ వెనక్కి తిరిగింది.

“సరే. నేనొకటి అడుగుతాను. ఈసారి కార్డు మీద నా పేరు రాయించు.”

“ఏ కార్డు?”

“విమానం ముందు పెట్టే కార్డు. తయారుచేసినవారు అని ఉంటుందే, దాని పక్కన.”

సిరిల్ కుర్చీలో కూలబడ్డాడు. “మతి గాని పోయిందా? పెళ్ళాం చేత చేయించుకుని కప్పులు కొట్టేశాడంటారే జనం!”

“అనరా మరి? నిజం కాదూ?”

“పోటీ పెట్టే క్లబ్బులో ఆడవాళ్ళకి సభ్యత్వం లేదు.”

“టీ కాయడానికి ఉందిగా!”

“ఎనిడ్...” అతను తన జేబు వంక చూసుకున్నాడు. “నా చెయ్యి పోయింది. ఇక నాకు మిగిలిందేమిటే... పేరు తప్ప!”

ఆవిడ కళ్ళల్లో నీళ్ళు గిర్రున తిరిగాయి. ఒకప్పుడైతే ఆ మాటకి కరిగి, కెటిల్ పొయ్యిమీద పెట్టి ఉండేది. ఈసారి పెట్టలేదు.

“మొదట నీకోసమే చేశాను. నీ కన్నీళ్ళు చూడలేక చేశాను. కాని ఇప్పుడు అది నా పని సిరిల్! రెక్క కింద లేత మీగడ రంగు పూస్తూంటే నా ఊపిరి నాకే వినబడదు. నీ చేతిని జేబులో దాచుకున్నావు, సరే. నా చేతుల్ని నీ పేరులో దాచావు చూడు... అది మాత్రం సరి కాదు!”

శనివారం పొద్దున్న కార్డు మీద ఎప్పటి పేరే ఉంది. ఎనిడ్ చూసింది, పెదవి కొరుక్కుంది, ఏప్రన్ మడిచి సంచీలో పెట్టుకుంది.

చర్చి హాలు కిటకిటలాడుతోంది. ఆ ఏడు సిరిల్ విమానం ఒంటె పేరున్న రకం, ముందు తుపాకుల మీద మూపురం ఉంటుంది. ఒంటెద్దు పోకడ మనిషికి ఒంటె విమానం, ఎంత కుదిరిందో! ముదురు ఆకుపచ్చ వీపు, మీగడ రంగు పొట్ట, రెక్కల మీద ఎరుపు తెలుపు నీలం చక్రాలు, నడుమ వెండి తీగలు... చూసినవాళ్ళు చూసినట్టే నిలబడిపోతున్నారు. టీ కిటికీలోంచి ఎనిడ్ కూడా చూస్తోంది. కన్నబిడ్డ పెళ్ళికి పీటల మీద కాక వంటశాలలో కూర్చున్న తల్లిలా!

“ఏదీ, మా అన్నయ్య విమానం!” అంటూ మ్యూరియల్ వంగింది. ఆవిడ టోపీకి పొడుగాటి పక్షి ఈక ఉంది. వంగినప్పుడు ఈక రెక్కల మధ్య దూరింది. లేచినప్పుడు ఊరికే లేవలేదు. టప్‌మని తీగ తెగి గాల్లో వేలాడింది.

“అయ్యో, అయ్యో! నేను ముట్టుకోనైనా లేదు!”

భూతద్దం పట్టుకుని అప్పుడే ఆ బల్ల దగ్గరికి వచ్చాడు న్యాయనిర్ణేత బ్రాడ్‌బెంట్. ఆ క్లబ్బులో ఒక పాత కట్టుబాటు ఉంది. బల్లమీద ఏది విరిగినా తయారుచేసిన చెయ్యే బాగుచెయ్యాలి. ఇంకో చెయ్యి తాకితే ఆ విమానం పోటీలో లేనట్టే.

“ఏముంది సిరిల్, చిటికెలో పని! కానివ్వు, చూస్తాం,” అన్నాడు బ్రాడ్‌బెంట్. జనం మూగారు.

సిరిల్ మొహం సున్నం కొట్టిన గోడైంది. జేబులో చెయ్యి గుడ్డ కింద కుందేలులా కొట్టుకుంటోంది.

“నాకు... నడుము...”

“నడుముతో అతికిస్తావేమిట్రా!” అని ఎవరో అన్నారు. హాలంతా ఘొల్లుమంది.

ఆ నవ్వు టీ కిటికీ దాకా వచ్చింది. ఎనిడ్ చేతిలో టీ కూజా అలాగే ఆగిపోయింది. కదలకుండా ఉంటే? విమానం ఓడిపోతుంది, రహస్యం గెలుస్తుంది. కదిలితే? కట్టుకున్నవాడి పరువు నిండు సభలో... భగవంతుడా! తల్లుల్లారా, ఏ ఆడదానికీ అటువంటి క్షణం రాకూడదు! కాని తెగి వేలాడుతున్నది ఆవిడ తల వెంట్రుక. దాన్ని అలా చూస్తూ ఎలా నిలబడగలదు?

కూజా దించింది. ఏప్రన్‌తోనే తలుపు తోసుకుని బయటికి వచ్చింది. నడుస్తూనే తల పిన్ను లాగి, ఒక తెల్ల వెంట్రుక ఎంచి చటుక్కున పీకింది.

“తప్పుకో సిరిల్.”

“మిసెస్ హార్‌బాటిల్, వద్దు!” బ్రాడ్‌బెంట్ అడ్డం వచ్చాడు. “మీ చెయ్యి తగిలితే పోటీలోంచి పోతుంది!”

“నా చెయ్యి తగలకపోతే అది పుట్టేదే కాదు, బ్రాడ్‌బెంట్ గారూ!”

“వదినా!” మ్యూరియల్ కెవ్వుమంది. “సిగ్గులేదూ? నలుగురిలో మా అన్నయ్య పరువు తీస్తావా!”

“మీ అన్నయ్య పరువు ఇన్నాళ్ళూ వెంట్రుకవాసిలోనే ఉందమ్మా. ఇదిగో, ఈ వెంట్రుక! అందుకే వెయ్యనన్నాను నువ్వు తెచ్చిన రంగు.”

బ్రాడ్‌బెంట్ భూతద్దం పెట్టి విమానం తీగ చూశాడు, ఎనిడ్ వేళ్ళ మధ్య వెంట్రుక చూశాడు. తర్వాత నెమ్మదిగా అన్నాడు, “సిరిల్, నువ్వు చెప్పు. ఇది ఎవరు చేశారు?”

ఎనిడ్ మొగుడి వంక చూడలేదు. వెంట్రుక పట్టుకున్న చెయ్యి గాల్లో అలాగే ఉంది, దీపశిఖలా, ఇసుమంత కూడా వణకకుండా. “నేను వెంట్రుకతో కొండని లాగుతున్నాను,” అంది. “వస్తే విమానం. పోతే వెంట్రుక!”

సిరిల్ ఆ చేతి వంక చూశాడు. ఎంతకాలమైందో దాన్ని నిజంగా చూసి! అక్కడక్కడ ఆరిన రంగు, గోళ్ళ పక్కన జిగురు, చూపుడువేలి కొసన కత్తిగాటు...

కుడి చెయ్యి జేబులోంచి బయటికి వచ్చింది.

అందరూ చూశారు. ఆకులా వణుకుతున్న ఆ చేతిని ఊరు మొదటిసారి చూసింది. బ్రాడ్‌బెంట్ జేబులోంచి పెన్ను తీసుకుని, సిరిల్ కార్డు మీద తన పేరు కొట్టేశాడు. దాని కింద రాయడం మొదలుపెట్టాడు. ఒక అక్షరం కొండెక్కింది, ఒకటి లోయలో పడింది, ఒకటి పక్కదాని భుజం పట్టుకుని నిలబడింది. ఊళ్ళో సగం దుకాణాలకి పేర్లు రాసినవాడు భార్య పేరు రాయడం అదే మొదలు! ఎవరూ నవ్వలేదు.

“ఎనిడ్ హార్‌బాటిల్,” చదివి వినిపించాడు సిరిల్. కళ్ళల్లోంచి నీళ్ళు జారుతున్నాయి. “కప్పిపుచ్చి కప్పులు తెచ్చుకున్నాను ఇన్నాళ్ళూ! ఇంట్లో ఉన్న ప్రతి కప్పూ ఆవిడదే. నాది టీ కప్పు ఒక్కటే.”

ఎనిడ్ వంగి, కొసకి చుక్క జిగురు అద్ది, వెంట్రుకని రెక్కల మధ్య బిగించింది. అది మీటితే మోగేలా నిలబడింది.

“చెయ్యి ఆవిడదే,” అన్నాడు బ్రాడ్‌బెంట్ తల గోక్కుంటూ. “కట్టుబాటు తప్పలేదు. కాని... ఆవిడ సభ్యురాలు కాదే! కప్పు ఇవ్వడానికి లేదు.”

“ఉంచుకోండి!” అంది ఎనిడ్. “అవమానం మింగాను, అనుమానాలు కప్పాను, విమానం చేశాను. బహుమానం లేదని ఇప్పుడు ఏడుస్తానా? వచ్చే ఏడు మళ్ళీ తెస్తాను. కార్డు మీద మాత్రం ఇదే పేరు. ఈ హాల్లో పెట్టనివ్వకపోతే గుమ్మం ముందు పెడతాను, మీరంతా దాటుకుని లోపలికి పోవాలి!”

“అలా అయితే టీ ఎవరు కాస్తారూ?” అన్నాడో పెద్దాయన దిగులుగా. ఆయన దిగులంతా దాని గురించే.

కాసింది ఎవరనుకున్నారు? ఎనిడ్ మెడలోంచి ఏప్రన్ తీసి తన మెడలో వేసుకుని కిటికీ వెనక్కి నడిచాడు సిరిల్. సగం కప్పులో, సగం సాసర్లో, కాస్త బల్లమీద పోశాడు. ఎవరూ పల్లెత్తు మాట అనలేదు, ఒక్క మ్యూరియల్ తప్ప.

“అన్నయ్యా, అంతా సాసర్లోనే పోశావు!”

“ఊదుకుని తాగమ్మా. నీ నాలుకకి చల్లారిందే మంచిది.”

తర్వాత ఒక కప్పు పట్టుకుని హాలు ఈ చివరి నుంచి ఆ చివరికి నడిచాడు. విమానం పక్కన, జన్మలో మొదటిసారి, కుర్చీ వేసుకుని కూర్చున్న ఎనిడ్ దగ్గరికి వచ్చేసరికి కప్పులో మిగిలింది సగమే. ఆవిడ అందుకుని ఒక గుక్క తాగింది.

“చక్కెర వేశావు గాని కలపలేదేమో అనుకున్నాను. బాగానే కలిసిందే!”

“దారి పొడుగునా కలుపుకుంటూనే వచ్చాను,” అన్నాడు సిరిల్, తన చేతిని చూపించి. “దీనికి చెంచా అక్కర్లేదుగా!”