ఎడమ కాలి మీద తొలి చెంబు

వరహాలుకి అన్నిటికన్నా పెద్ద భయం ఒక్కటే. రేపు పొద్దుటికి తన మూడు నెలల కూతురికి నీళ్లు పోయడం తన చేతులు మరిచిపోతాయేమోనని.

ఊరికే అన్న మాట కాదది. 2081లో భీమిలిలో ఉద్యోగం మానేసిన వాళ్లకి జరుగుతున్నదే. మానేశాక అదే పని ఇంకోచోట చెయ్యకూడదనే పోటీ నిషేధ ఒప్పందాలు కాగితం మీదే ఉన్న రోజుల్లో జనం వాటిని లెక్కచేసేవారు కాదు. అందుకని దమయంతి అనే శాస్త్రవేత్త పనితాళం కనిపెట్టింది. స్కిల్‌లాక్ అన్నా అదే. మణికట్టుకి తొడిగే సన్నటి పట్టీ. మెదడు నుంచి చేతికి వెళ్లే సంకేతాల్లో ఆ ఒక్క పనికి సంబంధించిన వాటిని ఆపేస్తుంది. వంటవాడు పోపు వేయబోతే చెయ్యి గాల్లోనే నిలిచిపోతుంది. అది పోటీ హోటలో, సొంత వంటిల్లో తాళానికి తెలీదు.

చట్టం షరతులు పెట్టకపోలేదు. తాళానికి గడువుండాలి. ఒప్పందం ఇరుపక్షాలకీ ఒకేలా వర్తించాలి. కంపెనీ నేర్పిన పనికే తాళం పడాలి గానీ మనిషి వెంట తెచ్చుకున్న పనికి కాదు. అది తేల్చడానికి తాళంలోనే మూలశోధిని ఉంది. ఏ పని ఎవరి నుంచి ఎవరికి వచ్చిందో కదలికలు చూసి చెబుతుంది. అడిగితేనే. అడగొచ్చని ఎవరికి తెలుసు?

వరహాలు లాలన కంపెనీలో ఆరేళ్లు చేసింది. పసిపిల్లలకి నీళ్లు పోసే మరమనుషుల్ని తయారుచేసే కంపెనీ అది. ఆ మరమనుషుల్నీ లాలనలనే అంటారు. వాటి ఎదుట పీట మీద కూర్చుని, కాళ్లు చాపి, బొమ్మని పడుకోబెట్టి, నూనె రాసి నీళ్లు పోసి చూపించడమే ఆమె పని. తొమ్మిదో తరగతితో చదువాగిపోయిన మనిషి. చేరేటప్పుడు చూపించిన చోటల్లా సంతకం పెట్టేసింది. రాజీనామా ఇచ్చాకే, బిడ్డకి పాలిస్తూ, ఆ ఒప్పందాన్ని కూడబలుక్కుని చదివింది.

తాళం గదిలో, దమయంతి ఎదుటే వరహాలుకి పట్టీ తొడిగారు. మేనేజరు జగ్గప్పారావు నవ్వుతూ, రెండేళ్లు ఎంతలో గడిచిపోతాయమ్మా, అందాకా మా లాలననే ఒకటి ఇంట్లో పెట్టుకో అన్నాడు.

వరహాలు పట్టీ తొడిగిన చెయ్యి ముందుకి చాపింది. "మూలశోధన చెయ్యమంటున్నాను బాబూ. ఒప్పందం పదకొండో పేజీలో ఉంది."

దమయంతి తలెత్తి చూసింది. తను కనిపెట్టిన దాన్ని ఒక మనిషి అడగడం ఇదే మొదలు. వెంటనే ఒక లాలనని రప్పించింది. అది కాళ్లు చాపి, చెంబు ముంచి, మొదటి నీళ్లు తన ఎడమ కాలి మీద పోసుకుంది. తర్వాతే బొమ్మ మీద.

"వేడి పసిగట్టే దీని సెన్సార్లు వేళ్లలో కదా ఉన్నాయి. కాలి మీద దేనికి?" అంది దమయంతి.

జగ్గప్పారావుకి తెలీదు. వరహాలుకి తెలుసు.

"మా అమ్మమ్మ ఎరకమ్మ వేడి అలాగే చూసుకునేదమ్మా. చిన్నప్పుడు గంజి పడి కుడికాలు కాలిపోయింది. దానికి స్పర్శ లేదు. అందుకని ఎడమ కాలు."

ఇనుప కాలి మీంచి నీళ్లు కారుతూనే ఉన్నాయి. మూలశోధిని పలికింది.

"ఈ పని కంపెనీ ఈమెకి నేర్పలేదు. ఈమే కంపెనీకి నేర్పింది. ఒప్పందం ఇరుపక్షాలకీ ఒకటే. నేర్చుకున్న వారికి తాళం పడుతుంది. రెండేళ్లు."

వరహాలు మణికట్టు మీది పట్టీ ఊడి కింద పడింది. అదే క్షణాన తాళం సంకేతం అందుకుని పదకొండు వేల ఇళ్లలో లాలనలు పిల్లల్ని తువ్వాళ్ల మీద పదిలంగా పడుకోబెట్టి, చేతులు కట్టుకుని నిలబడ్డాయి.

మర్నాడు వరహాలు కూతుర్ని కాళ్ల మీద వేసుకుని, తొలి చెంబు ఎడమ కాలి మీద పోసుకుంది. చురుక్కుమంది. ఆ చురుకు ఆమెకి ఎంత హాయిగా ఉందో చెప్పలేం.

నాలుగో రోజుకి వీధి పొడుగునా తల్లులు, చంకల్లో బిడ్డలు. ఒక్కరికీ నీళ్లు పోయడం రాదు. వాళ్ల చేతులకి ఎవరూ తాళం వెయ్యలేదు, వాళ్లే అక్కర్లేదనుకున్నారు. ఆ వరసలో మనవణ్ణి ఎత్తుకుని జగ్గప్పారావు కూడా ఉన్నాడు.

"పీట వేసుకుని కాళ్లు చాపండి బాబూ," అంది వరహాలు. "ఎడమ కాలు ముందు."

మీ వీధిలోనూ కొత్తగా తల్లి అయిన పిల్ల ఉంటుంది. నాకు వచ్చులెండి అనే అంటుంది. అయినా ఒకసారి తలుపు తట్టి, నీళ్ల వేడి ఎలా చూసుకుంటోందో కనుక్కుని రండి.