ఎదురుగా ఉండి కట్టిన ముడి

తెనాలిలో సాంబశివరావు ఇంట్లో చీరల బీరువా కన్నా టైల బీరువా పెద్దది. పాతకాలపు పట్టు టైలంటే ఆయనకి ప్రాణం. ముడి విప్పి, కాస్త ఆవిరి చూపించి, మెత్తగా చుట్టి తెల్లగుడ్డలో పడుకోబెడతాడు. ఇస్త్రీపెట్టె సోకనివ్వడు.

"ఒక్కటీ మెడకి కట్టరు కదా! బీరువా నిండా ఉరితాళ్ళే," అని నవ్వుకుంటూ భార్య ఆదిలక్ష్మి కూరగాయలకి వెళ్ళింది.

ఆ బీరువాకి ఒకటే కట్టుబాటు. చనిపోయినవాళ్ళ ఒంటిమీది టై అందులోకి రాకూడదు. పాత ఇళ్ళు తిరిగి టైలు తెచ్చిపెట్టే మనోజ్ ఆ మాటకి ఒట్టు కూడా వేశాడు. పిల్లల్లేని సాంబశివరావు వాణ్ణే కొడుకనుకున్నాడు.

పొద్దున వాడు ఇచ్చివెళ్ళిన మెరూన్ టైని సాయంత్రం ముసురు వెలుతుర్లో తీశాడాయన. ముడి విప్పకుండానే తలమీదుగా లాగినట్టుంది. సెంటు వాసన. దాని అడుగున వాడిపోయిన లిల్లీపూల వాసన.

ముడిని వేళ్ళతో తడిమి చూశాడు. ఎవరికి వాళ్ళు కట్టుకుంటే ముడి ఒకవైపు వాలుతుంది. ఇది రెండోవైపు వాలింది. అంటే ఎదురుగా ఉండి ఇంకెవరో కట్టారన్నమాట. బడి పిల్లలకైతే అలా కడతారు.

ఇది పిల్లల టై కాదు.

ఫోన్ చేశాడు.

"ఒరే మనోజ్, ఇదెవరిదిరా?"



"రేపల్లె ఎబినేజర్ గారిది, బాబాయ్... పోయారు. పెళ్ళినాటి సూటు తొడిగి పెట్టెలో పడుకోబెట్టాక, వాళ్ళింట్లోవాళ్ళు టై నన్ను కట్టమన్నారు. మూత వేసేముందు..."

"తీసేశావా?"

"ఇలాంటిది కావాలని మీరే అన్నారు కదా."

"నా చేతిలో చెయ్యేసి ఒట్టు పెట్టావు కదరా..."

"అది కాదు బాబాయ్." వాడు గొంతు తగ్గించి ఏడుస్తున్నాడు. "మధ్యాహ్నం ఆయనే మా ఇంటికొచ్చారు. టై ఏదని అడిగారు. చంటిపిల్ల ఉంది ఇంట్లో... భయమేసి మీ ఇల్లు చెప్పేశాను."

వాడు ఫోన్ పెట్టేశాడు.

కరెంటు పోయింది.

వరండా గ్రిల్ మీద ఎవరో తట్టారు. నెమ్మదిగా... మర్యాదగా...

"టై కోసమండి."

ఊచల మధ్యనుంచి ఒక చెయ్యి లోపలికి చాచి ఉంది. తెల్లచొక్కా, బొత్తాం పెట్టిన కఫ్. మనిషి మాత్రం చీకట్లో ఆనలేదు. సాంబశివరావు టైని ఆ అరచేతిలో పెట్టాడు. తగిలిన వేళ్ళు తిమ్మిరెక్కాయి.

"నేను తియ్యలేదండి... నాకు తెలీదండి..."

"తెలుసండి. మనోజ్ గారు అంతా చెప్పారండి."

వాన జోరందుకుంది. చెయ్యి కదల్లేదు.

"తన బదులు మీరు నాతో వస్తారని కూడా చెప్పారండి."

చెయ్యి ఇంకా గ్రిల్ దగ్గరే ఉంది. ఆ మాట మాత్రం... ఆయన వెనకాల, బీరువా గదిలోంచి వచ్చింది.