రోడ్డు మీద ఉలవలు

"కాల్పులు వద్దు," అన్నాడు చీఫ్ బొమ్మన్న. "బ్యాంకు బృందం కంట ఏ అలజడీ పడకూడదు. పడితే రోడ్డుకు అప్పు రాదు."

"మరి పిస్తోలు ఎందుకిచ్చారు సార్?"

"నియమం."

ఏజెంట్ రంగనాథ పిస్తోలు నడుముకు దోపుకున్నాడు. పావగడ నుంచి నాగలమడిక మీదుగా ఆంధ్ర సరిహద్దుకు పోయే రోడ్డును ఎత్తు పెంచి, వరదకు తెగకుండా కట్టడానికి ఒక అంతర్జాతీయ బ్యాంకు ముందుకొచ్చింది. కడితే సరుకు లారీలన్నీ ఇటే మళ్లుతాయి. ఒక విదేశీ రవాణా ముఠాకు అది గిట్టదు. బృందం వంతెన ఎక్కగానే దాన్ని పేల్చేయాలని పథకం. కిలోమీటరు లోపలైతేనే పనిచేసే రిమోట్.

రెండేళ్ల కిందటి వరదలో అంబులెన్సు ఆగిపోయింది ఆ వంతెన దగ్గరే. లోపల ఉన్నది రంగనాథ చెల్లెలు శిల్పశ్రీ. ఆసుపత్రికి చేరలేదు. చీఫ్‌కు తెలుసు.

ఉదయం మేఘ కలిసింది. నల్ల కళ్లద్దాలు, ఎర్ర స్కార్ఫ్. ముఠాలో మనవాళ్లు పెట్టిన మనిషి.

"వాన వస్తాదా?" కోడ్ అడిగాడు.

"రోడ్డుంటే వస్తాది. బాంబు బస్టాండులో ఉంది."

పూటంతా బస్టాండు వెతికాడు. ఒక టిఫిన్ క్యారియర్ దొరికింది. లోపల రాగిముద్ద, ఉలవచారు. మేఘ ముఠా మనిషేనని అప్పుడు అర్థమైంది.

సోలార్ ప్యానెళ్లు కడిగే కూలీ వేషంలో, మోపెడ్ మీద అడ్డదారిన రోడ్డెక్కాడు. బృందం జీపులు ఆగి ఆగి రోడ్డు చూసుకుంటూ అప్పటికే వంతెన వైపు దాటిపోయాయి. వాకీటాకీ గరగరమంది. గడియారంలోని ట్రాకర్ చచ్చింది. ఫోన్‌కు ఆ చోట ఎప్పుడూ సిగ్నల్ లేదు. వెనక, దూరంగా, మేఘ తెల్లకారు వస్తోంది. అది వంతెనకు కిలోమీటరు లోపలికి రాకముందే ఆపాలి.

రోడ్డు మీద ఎండిన ఉలవకట్టె పరిచి ఉంది. చక్రాల కింద నలిగితే గింజ రాలుతుంది.

"అక్కా, ఇంకా ఎత్తుగా వెయ్యి," అన్నాడు రంగనాథ.

కట్టె పరుస్తున్న గంగక్క నడుం మీద చెయ్యి పెట్టింది. "యాడోడివప్పా నువ్వు? అద్దాలు కడిగేటోనికి ఉలవలతో ఏం పని?"

"పెద్దకారు వస్తాండాది. బాగా తొక్కుతాది."

"అట్లయితే మోపు ఎత్తు. నిలబడి చూస్తావేంది?"

దేశ గూఢచారి ఉలవమోపులు మోశాడు.

ఊళ్లో పుట్టినవాళ్లెవరైనా అక్కడ మెల్లగా పోతారు. మేఘ వేగం తగ్గించలేదు. కట్టె చక్రాలకు, ఇరుసుకు చుట్టుకుంది. కారు మూలిగి నిలిచిపోయింది. అడుగున పొగ లేచింది.

మేఘ కిందికి దూకింది. దూరంగా మొదటి జీపు వంతెన ఎక్కుతోంది. బటన్ నొక్కింది. మళ్లీ నొక్కింది. వంతెన అలాగే ఉంది. దూరం ఇంకా కిలోమీటరుకు కాస్త ఎక్కువే. ముందుకు పరుగెత్తబోయింది.

గంగక్క ఆమె రెక్క పట్టుకుంది. "నా ఉలవలకు మంట పెట్టి యాడికి పోతావమ్మా? నీళ్లు పొయ్యి!"

ఆ పెనుగులాటలో రంగనాథ రిమోట్ లాక్కున్నాడు.

సాయంత్రం నాగలమడికలో సిగ్నల్ దొరికింది.

"బాంబు తీసేశారు. అప్పు మంజూరైంది," అన్నాడు చీఫ్. "ఒకటే షరతు. రోడ్డు మీద ఇక ఉలవలు పరచకూడదట."

రంగనాథ చొక్కాకు అంటిన ఉలవపొట్టు దులుపుకున్నాడు.

"ఆ మాట గంగక్కకు మీరే వచ్చి చెప్పండి సార్. పిస్తోలు తెచ్చుకోండి."